షాపు పేరు పాతదే, లోపలి లెక్క మారింది

మీరు రాసిన సుదీర్ఘమైన ఫిర్యాదులో నాకు నాలుగు విషయాలు కనిపించాయి. 2011లో కొన్న తువ్వాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు, అదే స్టోర్‌లో నిరుడు కొన్నవి అప్పుడే పల్చబడి దారాలు వదులుతున్నాయి. అంతస్తు మొత్తం తిరిగినా అడగడానికి మనిషి కనిపించడు, బిల్లు కట్టే చోట ఒక్క కౌంటరే తెరిచి ఉంటుంది. ఆ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మీ సమస్య వినకుండా స్టోర్ క్రెడిట్ కార్డు తీసుకోమని రెండుసార్లు అడిగింది. వాషింగ్ మెషీన్‌కు అదనంగా డబ్బు కట్టి తీసుకున్న ప్రొటెక్షన్ ప్లాన్ కింద మెకానిక్ రావలసిన తేదీ మూడుసార్లు మారింది. ఇదంతా ఉద్యోగుల నిర్లక్ష్యమా, ఆన్‌లైన్ దెబ్బా, ఇరవై ఏళ్లుగా న్యూజెర్సీలో నమ్మకంగా కొంటున్న ఆ షాపును ఇక వదిలేయాలా అన్నది మీ ప్రశ్న.

నేను 1998లో ఇలాంటి ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో మగవారి బట్టల విభాగంలో సేల్స్‌మన్‌గా చేరి, తర్వాత సరుకు నిల్వలు చూసే పనిలోకి మారి, చివరి పదకొండేళ్లు తువ్వాళ్లు, దుప్పట్లు కొనే విభాగంలో పనిచేసి బయటికి వచ్చాను. ఆ అనుభవంతో చెప్పగలిగింది ఏమిటంటే, మీరు చూసిన నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు కావు. షాపులో తిరిగి పెట్టవలసిన డబ్బును బయటికి తీసుకోవడం మొదలైనప్పుడు అది ముందు మనుషుల సంఖ్యలోనూ, తర్వాత సరుకు నాణ్యతలోనూ, చివరికి భవనంలోనూ బయటపడుతుంది. కొనుగోలుదారుకు మొదట ఎదురుపడేది ఉద్యోగే కాబట్టి కోపం అతని మీదికి పోతుంది.

ముందుగా మనుషుల సంగతి. బయటివారికి తెలియని ఒక లెక్క ఈ వ్యాపారంలో ఉంది. ప్రతి స్టోర్‌కు వారానికి ఇన్ని పనిగంటలు అని ప్రధాన కార్యాలయం కేటాయిస్తుంది, ఆ గంటలు అంతకుముందు జరిగిన అమ్మకాలను బట్టి నిర్ణయమవుతాయి. అమ్మకం కొంచెం తగ్గితే గంటలు తగ్గుతాయి, గంటలు తగ్గితే సైజు వెతికి ఇచ్చే మనిషి ఉండడు, మనిషి లేకపోతే కొనడానికి వచ్చినవాడు చొక్కా అక్కడే పడేసి వెళ్లిపోతాడు, దాంతో వచ్చే నెల అమ్మకం ఇంకొంచెం తగ్గుతుంది, దాన్ని చూపించి మళ్లీ గంటలు కోస్తారు. నేను చేరినప్పుడు సాయంత్రం షిఫ్టులో మా విభాగంలో నలుగురం ఉండేవాళ్లం: ఒకరు బిల్లింగ్ దగ్గర, ఒకరు ట్రయల్ రూముల దగ్గర, ఇద్దరం అల్మరాల మధ్య. నేను మానేసేనాటికి అంతే స్థలంలో ఒక్కరే ఉండేవారు. చెదిరిన బట్టలు మడత పెట్టడంతో పాటు, ఆన్‌లైన్‌లో వచ్చిన ఆర్డర్లను అవే అరల నుంచి ఏరి, పెట్టెల్లో సర్ది పంపే పని కూడా వారిదే. మీరు పిలిచినా పలకకుండా తల వంచుకుని వెళ్లిపోయిన కుర్రాడు బహుశా చేతిలో ఉన్న యంత్రం చూపిస్తున్న గడువు లోపల ఎవరిదో ఆర్డర్ వెతుకుతున్నాడు.

ఈ విషయంలో సియర్స్ అనే పాత అమెరికా డిపార్ట్‌మెంట్ స్టోర్ల కంపెనీ కథ చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే మంచి సేవ వల్ల ఎంత రాబడి వస్తుందో అంకెల్లో కొలిచి లోకానికి చూపించినది ఆ కంపెనీయే, దాన్ని మరిచిపోయి చితికిపోయినదీ ఆ కంపెనీయే. 1886లో రిచర్డ్ సియర్స్ గడియారాల అమ్మకంతో మొదలుపెట్టిన వ్యాపారం కేటలాగు ద్వారా అమెరికా పల్లెటూళ్లకు చేరింది. నచ్చకపోతే డబ్బు వాపసు అన్న హామీ మీదే ఆ కేటలాగు నిలబడింది; సరుకును కంటితో చూడకుండా డబ్బు పంపే రైతుకు ఆ హామీ తప్ప వేరే ఆధారం లేదు. తర్వాత కంపెనీ అధిపతి అయిన జూలియస్ రోజెన్‌వాల్డ్ నాయకత్వంలో 1916లో ఉద్యోగులకు లాభాల్లో వాటా ఇచ్చే నిధి ఏర్పాటైంది. 1925లో షికాగోలో మొదటి దుకాణం తెరిచారు. ఆ తర్వాత కొన్ని తరాల పాటు సియర్స్ కౌంటర్ వెనక నిలబడిన మనిషికి, ఆ కంపెనీ బాగుపడితే తన ముసలితనం బాగుంటుందన్న లెక్క ఉండేది. ఫ్రిజ్‌ల విభాగంలో ఇరవై ఏళ్లు పనిచేసినవాడు ఏ మోడల్ ఎన్నేళ్లకు ఎక్కడ పాడవుతుందో చూడకుండా చెప్పగలిగేవాడంటే కారణం అతని సంస్కారం మాత్రమే కాదు, అక్కడ ఇరవై ఏళ్లు ఉండడానికి అతనికి కారణం ఉండేది.

1992లో ఆర్థర్ మార్టినెజ్ సియర్స్ దుకాణాల విభాగానికి అధిపతిగా వచ్చి వాటిని చక్కదిద్దే పనిలో పడినప్పుడు, ఆయన బృందం ఉద్యోగుల అభిప్రాయాలను, కొనుగోలుదారుల సంతృప్తిని, అమ్మకాలను పక్కపక్కన పెట్టి లెక్క వేసింది. ఆ లెక్క 1998లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో అచ్చయింది. ఉద్యోగుల దృక్పథం వాళ్ల కొలబద్ద మీద 5 పాయింట్లు మెరుగైతే కొనుగోలుదారుల అభిప్రాయం 1.3 పాయింట్లు మెరుగవుతుందనీ, దాని ఫలితంగా రాబడి పెరుగుదల 0.5 శాతం అధికమవుతుందనీ తేల్చారు. అర శాతమేనా అనిపించవచ్చు. కానీ వేల కోట్ల డాలర్ల వ్యాపారంలో అర శాతం ఎంతో ఒకసారి గుణించి చూడండి. నేను ఈ రంగంలోకి వచ్చిన సంవత్సరం అదే కాబట్టి శిక్షణలో ఆ వ్యాసం కాపీలు మాకూ పంచారు. పంచినవాళ్లలో సగం మంది అది చదవలేదని తర్వాత నాకు అర్థమైంది.

2005లో ఎడ్డీ లాంపర్ట్ అనే పెట్టుబడిదారు సారథ్యంలో, చవక దుకాణాల కంపెనీ కేమార్ట్, సియర్స్ కలిసి ఒకే కంపెనీ అయ్యాయి. ఆ తర్వాతి కొన్నేళ్లలో ఆ కంపెనీ సొంత షేర్లను తిరిగి కొనడానికి సుమారు 600 కోట్ల డాలర్లు ఖర్చు చేసింది. దుకాణాల మీద మాత్రం పోటీదారులు పెట్టేదానిలో చిన్న భాగమే పెట్టింది. కంపెనీని ముప్పైకి పైగా విభాగాలుగా విడగొట్టి ఒక్కొక్క దానికి వేరే అధిపతిని, వేరే లాభనష్టాల ఖాతాను పెట్టడంతో, వారాంతపు ప్రకటన పత్రంలో చోటు కోసం కూడా విభాగాలు తమలో తాము పోటీపడ్డాయి. ఉమ్మడి ఇంట్లో ఎవరి పొయ్యి వారు వెలిగించుకుంటే చుట్టానికి అన్నం పెట్టేదెవరన్న మాట పైకి రాదు. 2010 తర్వాత ఆ కంపెనీ లాభం చూడలేదు. 2015లో 235 ఆస్తులను 270 కోట్ల డాలర్లకు వేరే సంస్థకు బదిలీ చేసి, వాటిలో చాలా దుకాణాలకు తామే అద్దె కట్టడం మొదలుపెట్టింది. 2017లో క్రాఫ్ట్స్‌మన్ పనిముట్ల బ్రాండ్‌ను స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్‌కు సుమారు 90 కోట్ల డాలర్లకు అమ్మింది. 2018 అక్టోబర్ 15న దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లేనాటికి, విలీనం నాటి సుమారు 3,500 దుకాణాల్లో దాదాపు 700 మిగిలాయి.

ఆన్‌లైన్ వ్యాపారం దెబ్బ తీయలేదని నేను అనడం లేదు. తీసింది. అయితే ఇంటికే సరుకు పంపే కేటలాగును నూరేళ్లు నడిపిన కంపెనీ 1993లో ఆ పెద్ద కేటలాగును మూసేసింది. అమెజాన్ పుట్టింది 1994లో. ఆ యాదృచ్ఛికాన్ని ఎక్కువ సాగదీయను, ఎందుకంటే కేటలాగు అప్పటికే నష్టాల్లో ఉంది. నేను చెప్పదలచింది వేరు: ఆన్‌లైన్‌లో దొరకనిది, దుకాణంలో మాత్రమే దొరికేది ఎదురుగా నిలబడి విషయం తెలిసి మాట్లాడే మనిషి. పోటీ పెరిగినప్పుడు కోత పెట్టకూడనిది అదొక్కటే, అందరూ ముందు కోసింది దాన్నే. ఎలక్ట్రానిక్స్ అమ్మే సర్క్యూట్ సిటీ 2007 మార్చిలో జీతం ఎక్కువ అవుతోందని సుమారు 3,400 మంది అనుభవజ్ఞులైన సేల్స్ ఉద్యోగులను ఒకేసారి తీసేసి, తక్కువ జీతానికి కొత్తవారిని పెట్టుకుంది. 2008 నవంబర్‌లో దివాలా కోర్టులో ఉంది. మాంద్యం కూడా కారణమే అయినా, ఆ కోత దానికి మేలు చేయలేదని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2024 ఫిబ్రవరిలో మేసీస్ అనే మరో డిపార్ట్‌మెంట్ స్టోర్ల కంపెనీ సుమారు 150 దుకాణాలను మూసేస్తామని ప్రకటించినప్పుడే, 50 దుకాణాలను ఎంచుకుని అక్కడ బూట్ల విభాగంలో, ట్రయల్ రూముల దగ్గర మనుషులను పెంచింది. కంపెనీ మొత్తం అమ్మకాలు నీరసించి ఉన్న సమయంలోనే ఆ 50 దుకాణాల్లో అమ్మకాలు పెరిగాయి. మరుసటి సంవత్సరం ఆ ఏర్పాటును 125 దుకాణాలకు విస్తరించారు. కొత్త సిద్ధాంతమేమీ లేదు, బూటు కావాలన్నవాడికి రెండో సైజు పెట్టె తెచ్చి ఇచ్చే మనిషిని తిరిగి పెట్టారు, అంతే.

ఇక క్రెడిట్ కార్డు ఒత్తిడి. కౌంటర్‌లోని అమ్మాయి మీ మాట వినలేదని కోపగించుకున్నారు, న్యాయమే. కానీ నెలకు ఇన్ని కార్డు దరఖాస్తులు తేవాలన్న లక్ష్యం ఆమె మీద ఉంటుందని గుర్తుంచుకోండి. మేము ఉన్న చోట లక్ష్యం చేరనివారికి తర్వాతి వారం షిఫ్టులు తగ్గేవి. ఈ కార్డుల వడ్డీ 30 శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి, తువ్వాలు అమ్మితే వచ్చే లాభం కంటే తువ్వాలు కొన్నవాడు బాకీ పడితే వచ్చే లాభం కంపెనీకి తీపి. లక్ష్యాలు మనిషిని ఎలా మారుస్తాయో కూడా సియర్స్ చరిత్రలోనే ఉంది. 1992 జూన్‌లో కాలిఫోర్నియా వినియోగదారుల శాఖ, సియర్స్ కారు మరమ్మతు కేంద్రాల్లో అవసరం లేని పనులు చేసి డబ్బు వసూలు చేస్తున్నారని అభియోగం మోపింది. మీ న్యూజెర్సీ అధికారులు కూడా వెంటనే అదే మాట అన్నారు. బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు ఇన్ని అమ్మాలని పెట్టిన కోటాలు, కమిషన్లే దానికి మూలమని తేలింది, తప్పులకు దారితీసే వాతావరణాన్ని ఆ పద్ధతే సృష్టించిందని అప్పటి అధిపతి కూడా ఒప్పుకున్నాడు. ఆ మెకానిక్‌లు రాత్రికి రాత్రి దొంగలు కాలేదు.

తువ్వాళ్ల విషయానికి వస్తాను, ఇది నా సొంత పని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. తువ్వాలు బరువును చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని, జీఎస్‌ఎం అనే కొలతలో చెబుతారు. మీ 2011 తువ్వాలు బహుశా 600 జీఎస్‌ఎం దగ్గర ఉండి ఉంటుంది. కొనుగోలు విభాగానికి ఏటా పైనుంచి వచ్చే ఆదేశం ఒకటే: ధర పెరగకూడదు, మన మిగులు తగ్గకూడదు. పత్తి, కూలి, రవాణా పెరుగుతూ ఉంటే ఈ రెండూ నిలబడాలంటే మిగిలేది సరుకును తగ్గించడమే. మొదటి ఏడాది 600ను 560 చేస్తాం, చేతికి తెలియదు. తర్వాత తువ్వాలు పైన లేచి ఉండే దారపు ఉచ్చులు ఎత్తుగా కనపడేలా మెలిక తక్కువ పెట్టిన నూలు వాడతాం, అది మెత్తగా ఉంటుంది, కానీ త్వరగా రాలుతుంది. ఆపైన అంచు మడతలో కుట్లు దూరం చేస్తాం. చివర్లో సిలికాన్ మెత్తదనం పూత వేయిస్తాం. దాంతో షాపులో చేయి పెడితే పట్టులా ఉండి, నాలుగు ఉతుకులకు ఆ పూత పోయాక అసలు బట్ట బయటపడుతుంది. ప్రతి ఏడాది మార్పూ చాలా చిన్నది, ప్రతిదానికీ సంతకం చేసిన మనిషి ఉంటాడు, నేనూ చేశాను. పదేళ్లు కలిపి చూస్తే అది వేరే తువ్వాలు, పేరు మాత్రం అదే. అది మన గుజరాత్‌లోనో పంజాబ్‌లోనో ఉన్న మిల్లులో నేసినదే కావచ్చు, అదే మిల్లు అదే వారం మరొక కంపెనీకి 700 జీఎస్‌ఎం తువ్వాళ్లు కూడా నేస్తుంది. కాబట్టి ఎక్కడ తయారైందన్న చీటీ చూసి నాణ్యతను నిర్ణయించకండి. చొక్కాలదీ ఇదే దారి: లోపల కుట్టుకు వదిలే బట్ట తగ్గుతుంది, ఖాజాల చుట్టూ దారం పల్చబడుతుంది, గుండీకి ముడి వేయకుండానే వదిలేస్తారు.

ఇందులో కొనేవాళ్ల పాత్ర లేదని చెబితే అబద్ధం అవుతుంది. మన వాళ్లం ఇండియా ప్రయాణానికి ముందు కూపన్ల కట్ట పట్టుకుని వెళ్లి, 40 డాలర్ల చీటీ ఉన్న తువ్వాలు 14 డాలర్లకు దొరికితే సూట్‌కేస్ నిండా సర్దుకుని గెలిచామనుకుంటాం. నిజానికి అది మొదటి నుంచీ 14 డాలర్లకు అమ్మడానికే తయారైన తువ్వాలు. జేసీ పెన్నీ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ల కంపెనీ 2012లో ఈ నాటకం ఆపేసి, కూపన్లు లేకుండా రోజూ ఒకే సరసమైన ధర పెట్టి చూసింది. ఆ ఒక్క సంవత్సరంలో అమ్మకాలు దాదాపు 25 శాతం పడిపోయాయి, ఆ ఆలోచన తెచ్చిన కంపెనీ అధిపతి రాన్ జాన్సన్ 2013 ఏప్రిల్‌లో పదవి పోగొట్టుకున్నాడు. తగ్గింపు కనపడకపోతే కొనరని ఆ రోజు అన్ని కంపెనీలూ నేర్చుకున్నాయి. అప్పటి నుంచి చీటీ ధర పెరుగుతూ, బట్ట పల్చబడుతూ వస్తోంది.

మీ వాషింగ్ మెషీన్ సంగతి వీటన్నిటికంటే ముఖ్యమైనది, ఎందుకంటే అక్కడ మీ డబ్బు ఇంకా ఇరుక్కుని ఉంది. డిపార్ట్‌మెంట్ స్టోర్ల సొంత బ్రాండ్ యంత్రాలను స్టోర్ తయారుచేయదు. కెన్‌మోర్ పేరుతో సియర్స్ అమ్మినవి వర్ల్‌పూల్, ఎల్‌జీ, ఎలక్ట్రోలక్స్ వంటి కంపెనీలు తయారుచేసినవే. 1916 నుంచి ఉన్న వర్ల్‌పూల్ సంబంధమే 2017లో ధరల పేచీతో తెగిపోయింది. అలాగే మీరు తీసుకున్న ప్రొటెక్షన్ ప్లాన్‌కు బాధ్యత ఎవరిదో కాగితం వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది: అది వేరే బీమా కంపెనీది అయితే స్టోర్‌కు ఏమైనా మీ ప్లాన్‌కు కొంత భద్రత ఉంటుంది, స్టోర్‌దే అయితే స్టోర్ ఆరోగ్యమే మీ ప్లాన్ ఆరోగ్యం. అమెరికా సియర్స్‌కు వేరుగా నడిచిన సియర్స్ కెనడా 2017 అక్టోబర్‌లో మూతకు సిద్ధపడినప్పుడు, జనం ముందే డబ్బు కట్టిన వారంటీ ప్లాన్లను ఇక గౌరవించబోమని ప్రకటించింది. టొరంటో చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు కూడా ఆ పాఠానికి ఫీజు కట్టారు.

కాబట్టి ఈ వారంలోనే ఆ ప్లాన్ కాగితం తీసి బాధ్యత ఎవరి పేరు మీద ఉందో చూడండి. మెకానిక్ తేదీ మారిన మూడుసార్లూ వచ్చిన సందేశాలను భద్రపరిచి, ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా గడువు పెట్టి అడగండి, ఆ గడువు దాటితే న్యూజెర్సీ వినియోగదారుల వ్యవహారాల విభాగానికి ఫిర్యాదు పంపండి. పెద్ద కంపెనీలు కౌంటర్‌లో గొడవను పట్టించుకోవు గానీ, ప్రభుత్వ విభాగం నుంచి వచ్చిన ఉత్తరానికి జవాబు రాయడానికి ప్రత్యేకంగా మనిషిని పెట్టుకుంటాయి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, బిల్లులో తప్పు ఉందని లిఖితపూర్వకంగా తెలపడానికి మొదటి స్టేట్‌మెంట్ నుంచి 60 రోజుల గడువు చట్టంలో ఉంది. అది దాటిపోయినా బ్యాంకును ఒకసారి అడగడంలో నష్టం లేదు. మీ దగ్గర ఆ స్టోర్ గిఫ్ట్ కార్డులు ఉంటే దాచుకోకుండా వాడేయండి. 1670లో పుట్టిన కెనడా డిపార్ట్‌మెంట్ స్టోర్ల కంపెనీ హడ్సన్స్ బే 2025లో మూతపడినప్పుడు, గిఫ్ట్ కార్డులను ఏప్రిల్ 6 వరకే తీసుకుంది, జూన్ 1 నాటికి దుకాణాలన్నీ మూసేసింది.

షాపును పూర్తిగా వదిలేయాలా అంటే, నేను వదలలేదు. పేరున్న తయారీదారుల బూట్లు, సూట్లు, వంటపాత్రలు ఇప్పటికీ అక్కడే, కాళ్లకు తొడిగి, చేత్తో పట్టి చూసి కొంటాను. ఆ సరుకు నాణ్యత స్టోర్ చేతిలో లేదు కాబట్టి. స్టోర్ సొంత బ్రాండ్ బట్టలు మాత్రం చీటీ ధర చూడకుండా, చేతిలో పట్టుకుని బరువు చూసి, తిరగేసి లోపలి కుట్లు చూసి తీసుకుంటాను. యంత్రాలు అక్కడ కొనను. మెకానిక్‌ను తానే పంపే స్థానిక దుకాణం మీ ఊళ్లో ఒకటైనా ఉంటుంది, ధర కొంచెం ఎక్కువైనా అక్కడ కొనండి.

చివరిగా, రసీదు కింద వచ్చే సర్వే నింపాలా అని అడిగారు. నింపండి, కానీ ఒక విషయం తెలుసుకుని నింపండి: చాలా కంపెనీల్లో పదికి తొమ్మిదో పదో ఇస్తేనే అది మంచి మార్కు, ఆరు ఇస్తే సున్నాతో సమానం, ఆ సున్నా రసీదు మీద పేరున్న అమ్మాయి ఖాతాలోకి పోతుంది. ఆమె ప్రవర్తనకు పది ఇచ్చి, కింద ఖాళీ గడిలో మీరు వెళ్లిన రోజు, సమయం రాసి, ఆ సమయంలో అంతస్తు మొత్తానికి ఎన్ని కౌంటర్లు తెరిచి ఉన్నాయో, ఎంత సేపు నిలబడ్డారో రాయండి. స్టోర్ మేనేజర్లు ఇంకో నాలుగు పనిగంటలు కావాలని పైవాళ్లను అడిగేటప్పుడు చూపించగలిగే కాగితం అదొక్కటే. ఆ గడిలో రాసినవాటిని మా మేనేజర్ ప్రింట్ తీసి సోమవారం సమావేశానికి పట్టుకుపోయేవాడు.